మూడు బుష్‌లు

గేరు మార్చిన ప్రతిసారీ
వెనక సీటు కింద ఎవరో తలుపు తట్టినట్టు
ఒక్క దెబ్బ: ఢబ్.
ఆ ఢబ్ రిమ్‌విదాస్‌కి వినపడదు.
ముప్ఫై ఏళ్లు నూలు మిల్లులో మగ్గాల మధ్య నిలబడి
చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చాడు.
చెప్పింది నేనే.
అందుకే పని కూడా నా నెత్తినే పడింది.

కౌనాస్ ఊరి చివర, ఇటుక గరాజ్‌ల వరస.
ఆయనది నలభై ఒకటి, నాది నలభై రెండు.
మార్చి నెల. బయట మంచు బురదవుతోంది,
లోపల గచ్చు ఇంకా వీపుని కొరుకుతోంది.
స్టాండుల మీద ఆయన పాత జర్మన్ సెడాన్,
ముదురు నీలం, చక్రాల గూళ్లలో తుప్పు,
రెండు లక్షల తొంభై వేల కిలోమీటర్లు తిరిగినా
ముక్కు మీద కోపం మాత్రం తగ్గనిది.

సైలెన్సర్ దించాను.
ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి తీగతో పైకి కట్టాను.
యాక్సిళ్లు రెండూ పక్కకి.
నిండు గుండిగలా జాకీ మీదికి దిగింది డిఫరెన్షియల్,
నూనె కారుతూ.
దాన్ని ఇన్నాళ్లూ మోసిన మూడు రబ్బరు బుష్‌లూ
చీలిన మడమల్లా ఉన్నాయి.

రిమ్‌విదాస్ స్టూలు మీద, చేతిలో సుద్దముక్క.
కింద పడుకున్న నాకు కనపడేలా
గచ్చు మీద రాస్తాడు: "ఉగ్నె, నెమ్మది."
కాసేపటికి చెరిపి: "ఇంకా నెమ్మది."

పాత బుష్ రాదు.
పొడవాటి మరకడ్డీ, దానికి గిన్నెంత సాకెట్,
అటు నట్టు, ఇటు నట్టు.
తిప్పుతుంటే రబ్బరు సాగింది, మూలిగింది, చిరిగింది.
బయటి ఇనప కట్టు మాత్రం ఉడుంపట్టు.
హాక్సా బ్లేడు వట్టి చేత్తో పట్టుకుని లోపల్నుంచి కోశాను,
రెండు మిల్లీమీటర్ల మందానికి రెండు గంటలు.
కంట్లో తుప్పు రాలింది,
నోట్లోంచి మా అమ్మ వినకూడని మాటలు రాలాయి.
వినేవాళ్లు లేరు కదా అని గట్టిగానే అన్నాను.
ఆయన నా పెదాలు చూసి
వాటిలో ఒకదాన్ని గచ్చు మీద రాసి
కింద టిక్కు పెట్టాడు.

కొత్తవి పాలీయురెతేన్. పసుపుపచ్చ,
ముదురు పాకం జీళ్లంత గట్టివి.
అక్కర్లేదని డబ్బా మీద రాసి ఉన్నా
రాత్రంతా వాటిని ఫ్రీజర్లో పెట్టాడు, చేపల పక్కన.
ఒకదానికి ఇంకా ఆ వాసన.
గ్రీజు పూసి బిగిస్తే
ఇంతసేపటి గొడవేమీ ఎరగనట్టు
సులువుగా వెళ్లి కూర్చున్నాయి.
అదే నాకు ఒళ్లు మండించింది.

అమ్మిన కుర్రాడు ముందే హెచ్చరించాడు:
"రబ్బరు అన్నీ మింగేది, ఇవి మింగవు.
అదురు లోపలికొస్తుంది, కూత కూడా.
రోజూ నడిపే బండికి ఎవరూ వేయించుకోరు."
ఆ సంగతీ సుద్దతో రాశాను.
చదివాడు, కాలితో చెరిపాడు, భుజాలు ఎగరేశాడు.

సాయంత్రం నెమునాస్ పక్క రోడ్డు.
ఆయనే నడిపాడు. రెండో గేరు. మూడో గేరు.
ఢబ్ లేదు.
దాని బదులు, డెబ్భై దాటగానే,
డబ్బాలో ఇరుక్కున్న తేనెటీగలా సన్నటి కూత.
నాకు పళ్లు జివ్వుమని లాగాయి.
ఇంత చేసి ఈ రొదనా కొనిపెట్టాను అనుకుంటూ
ఆయన వైపు తిరిగాను.

రిమ్‌విదాస్ సీటుకి వీపు నొక్కిపెట్టి కూర్చున్నాడు.
యాక్సిలరేటర్ వదిలాడు, తొక్కాడు. వదిలాడు, తొక్కాడు.
ఆయన నోరు విప్పడం అరుదు,
తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలియదని.
ఇప్పుడు అరిచాడు:
"గేరు పళ్లు! ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి! ఇక్కడ!"
ఒక చేత్తో నడుం కింద తట్టి చూపించాడు.

వంతెన దగ్గర వెనక్కి తిరగాలి. తిరగలేదు.
ఇంకో ఇరవై కిలోమీటర్లు పోయాం,
నేను చెవులు మూసుకుని, ఆయన కళ్లు పెద్దవి చేసుకుని.
బేరింగ్ ఒకటి పోబోతోందని కూడా ఆయనే చెప్పాడు,
ఎడమ వైపుది.
నాకైతే ఏమీ వినపడలేదు.
శనివారం విప్పి చూడాలి.